నెలకో బ్రష్షుల ప్యాకెట్టు

ఆ పళ్ళ ఆస్పత్రిలో రెండో గది ఆమెది. పళ్ళు పీకడం, పుచ్చులు పూడ్చడం డాక్టరమ్మ పని. గార తీసి, చిగుళ్ళు శుభ్రం చేసి, ఇంటికెళ్ళాక ఏం చెయ్యాలో నేర్పి పంపడం ఈమె పని. ఇరవై ఏడేళ్ళుగా అదే గది, అదే కుర్చీ. వచ్చేవాళ్ళంతా ఆమెను సందులమ్మ అంటారు. ముఖాన అనరు, బయట బెంచీ మీద కూర్చుని అనుకుంటారు. ఆమెకు తెలుసు, నవ్వుకుంటుంది. కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆమె మొదలుపెట్టేది ఆ మాటతోనే మరి.

"బ్రష్షు పైపైన తిరుగుతుందండీ. సందుల్లోకి వెళ్ళదు. జబ్బు కాపురం పెట్టేది సందుల్లోనే."

ఆ తరువాత అద్దం చేతికిచ్చి, పళ్ళ మధ్య దారం ఎలా దింపాలో, సందు కాస్త వెడల్పుగా ఉంటే చిన్న బ్రష్షు ఎలా దూర్చాలో చూపిస్తుంది. ఆ బ్రష్షు అగ్గిపుల్లకంటే కాస్త పొడుగుంటుంది. చివర సన్నటి తీగ, తీగ చుట్టూ తెల్లటి కుచ్చు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, రోజుకు ఒక్కపూట చేస్తే చాలు. సరిగ్గా అక్కడే ప్రతి మనిషీ జడుసుకుంటాడు. తెల్లగా లోపలికెళ్ళిన కుచ్చు ఎర్రగా బయటికి వస్తుంది. అప్పుడామె రోజుకు ఇరవైసార్లు చెప్పే మాట ఇంకోసారి చెబుతుంది.

"రక్తం వస్తోందని మానేయకండి. మీరు శుభ్రం చేసినందుకు రావట్లేదది, ఇన్నాళ్ళూ చేయనందుకు వస్తోంది. మెల్లగా రోజూ చెయ్యండి. రెండు వారాల్లో ఆగిపోతుంది. ఆగకపోతే మళ్ళీ నా దగ్గరికి రండి."

ఊరందరికీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిన ఆ మాట ఒక్క మనిషికి మాత్రం ఆమె చెప్పలేదు. ఆ మనిషి ఆమె మొగుడు.

చెప్పకపోవడానికి కారణం లేకపోలేదు. ఆయన నగర వాద్యబృందంలో క్లారినెట్ వాయిస్తాడు. ఆమె ఉద్యోగంలో చేరిన ఏడాదే, పెళ్ళయిన కొత్తలో, బృందం వాళ్ళంతా ఇంటికి భోజనానికి వచ్చారు. డ్రమ్ములు వాయించే ఆయన ఏదో జోకు వేస్తే, ఈయన తల వెనక్కి వాల్చి పకపకా నవ్వాడు. ఆమె కూర గిన్నె పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. కొత్తగా నేర్చుకున్న విద్య, ఒళ్ళంతా ఉత్సాహం. "మీ కింది పళ్ళ వెనక గార చూడండి, గోడకు సున్నం కొట్టినట్టుంది" అనేసింది. అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. ఆయన మాత్రం ఆపేశాడు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది పాపం ఆయనకు.

వారం రోజులు ముభావంగా తిరిగాడు. ఆమె బతిమాలింది, అలిగింది, మళ్ళీ బతిమాలింది. చివరికి ఒక పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి నోరు విప్పాడు.

"నువ్వు కూనిరాగం తీస్తుంటే శ్రుతి తప్పుతోందని నేనెప్పుడైనా అన్నానా?"

"అనలేదు. తప్పుతోందా?"

"తప్పుతోంది. అయినా అనను, చచ్చినా అనను. నువ్వు కూడా నా నోట్లోకి చూడకు. నీ కుర్చీ ఆస్పత్రిలో ఉండనీ, నా వాద్యం కచేరీ హాల్లో ఉండనీ. ఇంట్లో మాత్రం మనిద్దరం మొగుడూ పెళ్ళాలం, అంతే."

ఆమెకు నవ్వొచ్చింది. సరేనంది. ఆ రోజునుంచి ఆమె ఆయన నోట్లోకి చూడలేదు, దుమ్ము దులపడానికైనా ఆయన క్లారినెట్ పెట్టె ముట్టలేదు. ఆయన ఆమె కూనిరాగాల జోలికి రాలేదు. నలుగురూ ఏవేవో విషయాల మీద పోట్లాడుకుంటుంటే వీళ్ళిద్దరూ ఒప్పందం మీద కాపురం చేశారు. బాగానే చేశారు కూడా. ఎక్కడ కొంప మునిగిందంటే, ఆ ఒప్పందాన్ని ఇద్దరూ మరీ అంత నిజాయితీగా పాటించడంలోనే.

ఆరేళ్ళ కిందట ఆయన పిప్పరమెంట్లు చప్పరించడం మొదలుపెట్టాడు. జేబులో ఎప్పుడూ ఒక పొట్లం ఉండేది. ఆ పిప్పరమెంటు వెనక ఇంకో వాసన ఉంది. ఆ వాసన ఆమెకు తెలుసు. పరాయివాళ్ళు గుమ్మంలో నిలబడి పలకరిస్తేనే ఆ వాసనను బట్టి చిగుళ్ళ సంగతి చెప్పేయగలదు. ఇంటికొచ్చేసరికి మాత్రం ఆమె ముక్కు కూడా ఒప్పందంలో చేరిపోయింది. రోజంతా ఆస్పత్రిలో ఉండి వచ్చాను కదా, నా బట్టలకే పట్టి ఉంటుంది అనుకుంది. అలా అనుకోవడం అబద్ధమని లోపలెక్కడో తెలుసు.

తెలుసు కాబట్టే ఒకరోజు బ్రష్షుల ప్యాకెట్టు ఒకటి తెచ్చి, గడ్డం గీసుకునే అద్దం పక్కన అరలో పెట్టింది. ఒక్క మాట అనలేదు. మాట అంటే కదా ఒప్పందం తప్పడం. ప్యాకెట్టులో ఎనిమిది. నెల తిరిగేసరికి ప్యాకెట్టు ఖాళీ. చెత్తబుట్టలో కుచ్చు నలిగి, తీగ వంగిన బ్రష్షులు కనిపించాయి. ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ పూట కూనిరాగం తీస్తూ రెండు కూరలు వండింది. ఇంకో ప్యాకెట్టు తెచ్చి పెట్టింది. అదీ అయిపోయింది. అలా నెలకొకటి చొప్పున ఆరేళ్ళు. "మా ఆయనకు చెప్పనక్కర్లేదండీ, చెప్పకుండానే చేస్తారు" అని డాక్టరమ్మ దగ్గర గొప్పలు కూడా పోయింది.

ఒక మధ్యాహ్నం ఆస్పత్రికి ఫోనొచ్చింది. డ్రమ్ములాయన.

"చెల్లెమ్మా, కంగారు పడకు. నీ మొగుణ్ణి తీసుకొస్తున్నాను."

"ఏమైంది అన్నయ్యా?"

"ఏమో. సాధనలో మంచి పట్టులో ఉండగా ఆపేశాడు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అడిగితే తల ఊపుతున్నాడు తప్ప మాట్లాడడం లేదు. వీడసలే మాటల పోగు కాదు, ఇప్పుడు పూర్తిగా మూగనోము పట్టాడు."

ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి ఆయన ఆమె కుర్చీలో కూర్చున్నాడు. రుమాలు తీశాడు. ఆమె ముసుగు కట్టుకుంది, తొడుగులు వేసుకుంది, దీపం దించింది. "నోరు తెరవండి" అంది. ఆ మాట అంటుంటే ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు.

పై చిగురు ఉబ్బి, వంకాయ రంగుకు తిరిగి, పళ్ళనుంచి వదులై వేలాడుతోంది. నోట్లో పెట్టే చిన్న అద్దం అంచుతో తాకితే చాలు, రక్తం. ముందు పళ్ళు నాలుగూ వేలితో ముడితే అటూ ఇటూ కదిలాయి. ఇలాంటి నోళ్ళు ఆమె వందలు చూసింది. చూసిన ప్రతిసారీ, ఇంట్లోవాళ్ళు ఏం చేస్తున్నట్టు, కళ్ళు లేవా వీళ్ళకు అని లోలోపల విసుక్కునేది. ఆ విసుగంతా ఇప్పుడు తిరిగొచ్చి ఆమె గుండెల మీద కూర్చుంది.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. పళ్ళను పట్టి ఉంచాల్సిన ఎముక సగానికి పైగా కరిగిపోయింది. ఎక్స్‌రే కింద పెట్టి, సందులమ్మ వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపే ఎక్కువ బాధించింది.

డాక్టరమ్మ పక్క గదికి వెళ్ళాక ఆమె అడిగింది.

"మరి ఆ బ్రష్షులు?"

ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. "రంధ్రాలకి" అన్నాడు.

"ఏ రంధ్రాలకి?"

"క్లారినెట్ రంధ్రాలకి. ఊదితే లోపల తడి చేరుతుంది, దుమ్ము పట్టేస్తుంది. ఇదివరకు కోడి ఈకతో తుడిచేవాణ్ణి. నీ బ్రష్షు కొలిచినట్టు సరిపోయింది."

 ఆమె పక్కనున్న చక్రాల స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒక్కసారి కూడా నోట్లో పెట్టలేదా?"

"పెట్టాను. మొదటిరోజు నోట్లోనే పెట్టాను. రక్తం వచ్చింది. సాయంత్రం కచేరీ ఉంది. ఊదేవాడికి నోట్లో పుండు పడితే వారం రోజులు పని పోయినట్టే. కచేరీ అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. మర్నాడు ఇంకో కచేరీ. ఎప్పుడూ ఏదో ఒక కచేరీ."

"రక్తం వస్తోందని నన్నడగొచ్చుగా."

"ఎలా అడుగుతాను? నా నోట్లోకి చూడకని అన్నది నేనేగా." పైకప్పు మీంచి చూపు దించి ఆమె వైపు తిరిగాడు. "నువ్వు తెచ్చినవి పారేస్తే బాధపడతావని వాడాను. అయిపోయినప్పుడల్లా నీ ముఖం ఎంత బాగుండేదో."

ఆమె ముసుగు తీయలేదు. తీస్తే ఆయనకు తన ముఖం కనబడుతుంది. రోజుకు ఇరవైసార్లు, ముక్కూ మొహం తెలియని వాళ్ళకు చెప్పిన మాట. రక్తం వస్తోందని మానేయకండి. అద్దం పక్కన ప్యాకెట్టు పెట్టిన రోజు ఆ నాలుగు ముక్కలు కూడా అనేసి ఉంటే ఆయన కోప్పడేవాడు, మహా అయితే ఇంకో వారం ముభావంగా తిరిగేవాడు. ఆ వారం ముభావానికి జడిసి ఆయన నోటిని ఆయనకు వదిలేసింది.

వెనక పళ్ళు జాగ్రత్తగా చూసుకుంటే నిలుస్తాయని, ముందు నాలుగింటి గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేనని డాక్టరమ్మ అంది. చిగురు కిందకు వెళ్ళి శుభ్రం చేసి, ఆ నాలుగింటినీ వెనకనుంచి సన్నటి తీగతో కలిపి కట్టి, మూడు నెలలు చూద్దామంది. ఆ నాలుగు పళ్ళ మీదే ఆయన బతుకంతా ఉంది. క్లారినెట్ ఊదే కొసను ఆయన ముక్కు అంటాడు. ఆ ముక్కు మీద పై పళ్ళు ఆనాలి, కింది పెదవి కిందనుంచి పట్టుకోవాలి. పళ్ళు నొప్పి పుడుతున్నాయని ఆ ముక్కు మీద రబ్బరు ముక్క అతికించుకున్నాడట. తరువాత దాని మీద ఇంకోటి. పంటి బిగువున భరించడమంటే అదే కాబోలు. మూడు నెలలు వాద్యబృందంలో ఆయన కుర్చీ ఎవరికీ ఇవ్వనని బృందం పెద్ద డ్రమ్ములాయనతో కబురు పంపాడు.

చిగుళ్ళ కింద గార ఆమే తీసింది. నాలుగు రోజులు, రోజుకో మూల. మత్తు సూది ఇచ్చాక కూడా ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేవాడు. గట్టిపడి నల్లగా మారిన గార పెచ్చులుగా గిన్నెలో పడుతుంటే, ఒక్కో పెచ్చు ఏ ఏటిదై ఉంటుందా అని ఆమె లెక్క వేసుకునేది.

ఇక ఇంట్లో పొద్దున్నే, ఫలహారం అయ్యాక, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఆయన కూర్చునేవాడు. ఆమె ఎదురుగా నిలబడి ఒక చేత్తో గడ్డం పట్టుకుని, ఒక్కో సందులో బ్రష్షు దూర్చి మెల్లగా లాగేది. మొదట్లో ప్రతి కుచ్చూ ఎర్రగా వచ్చేది.

"రక్తం వస్తోందని మానేయకూడదు. రెండు వారాల్లో ఆగిపోతుంది" అని మొదటిరోజే చెప్పింది. చెప్పి, చేతిలో బ్రష్షు అలాగే పట్టుకుని ఏడ్చింది.

"ఊరుకో. ఇప్పుడు చెప్పావుగా" అన్నాడాయన, నోరు తెరుచుకునే.

పదిహేను రోజులకు రక్తం తగ్గింది. మూడో వారంలో ఒక పొద్దున కుచ్చు తెల్లగా వచ్చింది. ఆయన దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. డ్రమ్ములాయనకు ఫోన్ చేసి, "ఒరేయ్, తెల్లగా వచ్చిందిరా" అన్నాడు. అవతల ఆయనకు ఏం తెల్లగా వచ్చిందో అర్థం కాక, "జుట్టా?" అన్నాడట. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎన్నాళ్ళకో పగలబడి నవ్వారు. నవ్వుతున్న ఆయన నోటిని ఆమె కళ్ళారా చూసింది. చిగుళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. నోటి వాసన పోయింది. పిప్పరమెంట్ల పొట్లం జేబులో అలాగే ఉండిపోయింది.

చిగురు మానింది. కరిగిన ఎముక మాత్రం తిరిగి రాదు. ఆ సంగతి కుర్చీలో కూర్చున్న ఎందరికో ఆమె మెత్తగా చెప్పింది. తన ఇంటికొచ్చేసరికి, ఏమో, ఒకోసారి పళ్ళు నిలబడొచ్చేమో అని ఆశ పెట్టుకుంది. వాపు తీసేసరికి చిగురు పైకి ముడుచుకుని పళ్ళు పొడుగ్గా తేలాయి, మధ్యలో సందులు తెరుచుకున్నాయి. మూడో నెల చివర ఆయన పెట్టె తీసి క్లారినెట్ కూర్చాడు. అద్దంలా మెరిసిపోతోంది. ఒక్క రంధ్రంలో తడి లేదు, ఒక్క మీట కింద దుమ్ము లేదు. ఆ ఊళ్ళో అంత శుభ్రమైన క్లారినెట్ ఇంకోటి ఉండదు.

ముక్కు నోట్లో పెట్టుకుని ఊదాడు. సందుల్లోంచి గాలి బుస్సుమంది. పళ్ళు బిగించి మళ్ళీ ఊదాడు. ఒక్క స్వరం నిండుగా పలికింది, ఆ వెంటనే ఆగిపోయింది. వెనక కట్టిన తీగ తెగి, ముందు పన్ను పక్కకు తిరిగింది. ఆయన క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని, ఆ పన్నును నాలుకతో సరిచేసుకుంటూ కూర్చున్నాడు.

నాలుగు పళ్ళూ డాక్టరమ్మ తీసింది. పెద్దగా లాగనక్కర్లేకపోయింది. దవడలో మరలు దించి కొత్త పళ్ళు నిలబెట్టేటంత ఎముక లేదు కాబట్టి, తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు చేయించారు. అచ్చు ఆయన పళ్ళలాగే కుదిరాయి. అద్దంలో చూసుకుని బాగున్నాయన్నాడు. అన్నం బాగానే తిన్నాడు. నెల రోజులు ఇంట్లో సాధన చేశాడు. వంటింట్లోంచి వినే ఆమెకు బాగానే పలుకుతున్నట్టనిపించేది. పొరపాట్లు మునుపటికంటే ఎక్కువే, అవి పోతాయిలే అనుకుంది. ఒకరోజు ఆయన పాట మధ్యలో ఆపేసి, బృందం పెద్దకు ఫోన్ చేసి, కుర్చీ వేరేవాళ్ళకు ఇచ్చేయమన్నాడు.

"అలవాటవుతుందండీ. ఇంకో రెండు నెలలు చూడండి" అందామె పరుగెత్తుకొచ్చి.

"వేళ్ళ సంగతి కాదు. వినబడటం లేదు."

"చెవులు బాగానే ఉన్నాయిగా?"

"చెవులతో కాదు." ఎలా చెప్పాలో తెలియనట్టు చేత్తో ముఖం రుద్దుకున్నాడు. "ఊదుతుంటే పై పళ్ళలోంచి ఆ మోత తలలోకి వచ్చేది. అది పట్టుకునే వాయించేవాణ్ణి. ఇప్పుడది రావట్లేదు. ఎవరో పక్కింట్లో వాయిస్తున్నట్టుంది."

ఆమెకు అర్థమైంది, కాలేదు కూడా. పళ్ళు నమలడానికని, నవ్వడానికని, మాట పలకడానికని తెలుసు. వాటితో వినే మనిషి ఒకడు తన ఇంట్లోనే ఉన్నాడని తెలియదు. తను ఎప్పుడూ అడగలేదు. వాద్యం కచేరీ హాల్లో ఉండాలి కదా.

తరువాత ఆయన పొద్దున పూట కిటికీ దగ్గర కూర్చోవడం మాత్రం మానలేదు. మిగిలిన పళ్ళ సందులు ఇప్పుడు ఆయనే శుభ్రం చేసుకుంటాడు, ఒక్కపూట తప్పకుండా. అదయ్యాక ఇంకో బ్రష్షు తీసి క్లారినెట్ రంధ్రాలు తుడుస్తాడు. ఎవరూ ఊదని వాద్యానికి తడి ఎక్కడినుంచి వస్తుంది? ఆమె ఆ మాట అనలేదు. నెలకిప్పుడు రెండు ప్యాకెట్లు తెస్తోంది.

ఒక ఆదివారం ఆయన తుడవడం పూర్తిచేసి, వాద్యాన్ని పెట్టెలో పెట్టకుండా ఆమె వైపు చాపాడు.

"ఊదు."

"నేనా? నేనేం ఊదుతాను?"

"నీకు ముప్పై రెండూ గట్టివేగా. పట్టుకో."

దాన్ని ముట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఆయన వెనక నిలబడి ఆమె వేళ్ళను రంధ్రాల మీద పెట్టాడు. కింది పెదవి కింది పళ్ళ మీదికి మడవమన్నాడు. పై పళ్ళు ముక్కు మీద ఆన్చమన్నాడు. మొదటిసారి ఊదితే కీచుమంది. రెండోసారి ఉత్త గాలి. మూడోసారి స్వరం వచ్చింది.

గదిలో పలకడానికంటే ముందే అది ఆమె పళ్ళలోంచి లోపలికి వచ్చింది. పై దవడలోకి, చెంప ఎముకల్లోకి, కళ్ళ వెనక్కి వచ్చి నిండింది. బయట వినే శబ్దం దాని ముందు ఉత్త నీడ. ఇన్నేళ్ళూ ఆయన ఇందులో ఉన్నాడు. ఇప్పుడు లేడు. ఆమె ముక్కు నోట్లోంచి తీసేసింది. కన్నీళ్ళు ఆగలేదు.

"ఇదా?" అంది.

"అదే."

"నేను అడగాల్సిందండీ. ఒక్కసారైనా నోరు తెరవండి అని అడగాల్సింది."

ఆయన కట్టుడు పళ్ళు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. వంగి, తన చెంప ఎముకను ఆమె చెంప ఎముకకు ఆన్చాడు. ముందు పళ్ళు లేవు కాబట్టి మాట కాస్త ముద్దగా వచ్చింది.

"ఇంకోసారి ఊదు. నాక్కూడా వస్తుందేమో చూద్దాం."

ఆమె ఊపిరి పీల్చుకుని, ఏడుస్తూనే, ఉన్న గాలంతా పెట్టి ఊదింది. శ్రుతి తప్పింది. ఆయన ఆ మాట అనలేదు.